ఎనభై దాటాక

ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్‌కు కొత్తగా వచ్చిన డ్రైవర్లందరికీ ఒకటే అనుమానం వస్తుంది. పన్నెండు శాతం దగ్గర గన్ పెట్టాం, ముప్పావు గంటకల్లా ఎనభైకి వచ్చింది. ఇంకా ఇరవయ్యే కదా, టీ తాగి వచ్చేలోపు అయిపోతుందిలే అనుకుంటే, ఆ ఇరవైకే మరో నలభై నిమిషాలు పట్టింది. వెనక లైన్లో ఉన్నతను వచ్చి "అన్నా, ఎంతయింది?" అని అడుగుతాడు. "తొంభై రెండు, ఇంకో పది నిమిషాలు" అని ఇతను చెప్తాడు. పది నిమిషాలయ్యాక చూస్తే తొంభై అయిదే ఉంటుంది. మిషన్‌లోనే ఏదో తేడా ఉందని ఇద్దరూ అనుకుంటారు.

మిషన్‌లో ఏ తేడా లేదు. కారు కింద, బ్యాటరీ సెల్లు లోపల, కంటికి కనపడనంత పలుచని పొరల మధ్య జరిగే పని అది. స్టేషన్ దగ్గర డ్రైవర్లకు ఎదురయ్యే చిక్కుల్లో సగం అక్కడే పుడతాయి. అందుకే ఈ అధ్యాయంలో బ్యాటరీ గురించి చెప్పడానికి ప్రయోగశాలకు వెళ్ళడం లేదు, సూరారం వెళ్తున్నాం.

హైదరాబాద్ శివారులోని సూరారం నర్సాపూర్ రోడ్డు మీద ఉంది. బాలానగర్ నుంచి ఐడీపీఎల్, జీడిమెట్ల, షాపూర్‌నగర్ మీదుగా వచ్చిన ఆ రోడ్డు సూరారం దాటి బహదూర్‌పల్లి, గండిమైసమ్మ, దుండిగల్ మీదుగా ఔటర్ రింగ్ రోడ్డును తాకి మెదక్ వైపు సాగిపోతుంది. ఒక పక్క జీడిమెట్ల పారిశ్రామికవాడకు సరుకు మోసే బండ్లు, ఇంకో పక్క పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళు, కాలేజీ బస్సులు, ఔటర్ దిగి నగరంలోకి వచ్చే క్యాబులు. కరెంటు కారు నడిపేవాళ్ళలో ఎన్ని రకాలున్నారో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నంబరు ప్లేటు చూస్తేనే తెలిసిపోతుంది. ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే సొంత కారు, పసుపు అక్షరాలుంటే కిరాయి బండి. స్టేషన్‌లో ఈ రెండూ పక్కపక్కన నిలబడతాయి గానీ వాటి తొందరలు ఒకటి కావు.

ఈ రోడ్డు మొదట్లోనే ఒక చిన్న చరిత్ర కూడా ఉంది. 2018లో హైదరాబాద్ మెట్రో మియాపూర్, బాలానగర్ స్టేషన్ల దగ్గర పవర్‌గ్రిడ్ సంస్థ కరెంటు బండ్లకు చార్జర్లు పెట్టింది. అప్పట్లో మన దగ్గర తిరిగిన మహీంద్రా ఈ-వెరిటో వంటి కార్ల బ్యాటరీలు తక్కువ ఓల్టేజివి. వాటికి 15 కిలోవాట్ల డీసీ చార్జరే పెద్ద వేగం. మరుసటి ఏడాది మార్చిలో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సుల్ని రోడ్డెక్కించింది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ వచ్చాక మూడు వందల ఓల్టుల పైచిలుకు బ్యాటరీ మధ్యతరగతి ఇంటి ముందుకు చేరింది. 2024 నవంబరు 18 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ ఫీజూ పూర్తిగా తీసేసింది, ఆ మినహాయింపును 2026 చివరి దాకా ఇచ్చింది. ఆకుపచ్చ ప్లేట్లు శివారు కాలనీల్లోకి కూడా వచ్చాయి. వాటి వెనకే చార్జింగ్ అవసరం వచ్చింది.

ఇక స్టేషన్ దగ్గరికి వద్దాం. బోర్డు మీద పెద్ద అక్షరాల్లో 60 కిలోవాట్లు అని ఉంటుంది. గన్ పెట్టిన రెండు నిమిషాలకు స్క్రీన్ మీద 34 అని పడుతుంది. అరవై అన్నారు, అంత ఇవ్వడం లేదేమని మొదటి తగాదా ఇక్కడే మొదలవుతుంది. బోర్డు మీది అంకె మిషన్ ఇవ్వగల గరిష్ఠం. ఎంత తీసుకోవాలో నిర్ణయించేది కారు. కారులోని బ్యాటరీ నిర్వహణ కంప్యూటరు ప్రతి క్షణం సెల్లుల ఓల్టేజినీ వేడినీ చూసుకుని "నాకిప్పుడు ఇన్ని ఆంపియర్లు చాలు" అని చార్జర్‌కు చెప్తుంది. చార్జర్ అంతకు మించి ఒక్క ఆంపియర్ కూడా పంపదు. కిలోవాట్లంటే ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది. కారు బ్యాటరీ 320 ఓల్టులది, అది అడిగింది 110 ఆంపియర్లు అనుకుంటే లెక్క 35 కిలోవాట్లే తేలుతుంది. ఆ కారును 240 కిలోవాట్ల చార్జర్‌కు పెట్టినా అంతే. 2024 నవంబరులో విడుదలైన మహీంద్రా బీఈ 6 వంటి కార్లు 175 కిలోవాట్ల దాకా తీసుకోగలవు కాబట్టి పెద్ద చార్జర్ ఫలం వాటికి దక్కుతుంది. పాత చిన్న కారు పెద్ద గన్ ఖాళీ అయ్యేదాకా కాచుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అయితే తప్పు అన్నిసార్లూ కారుదే కాదు. చార్జర్ పెట్టె లోపల ఒకటే పెద్ద యంత్రం ఉంటుందనుకుంటాం. చాలావాటిలో ఉండేది 30 కిలోవాట్ల మాడ్యూళ్ళు, అవసరాన్ని బట్టి రెండో నాలుగో వరుసగా పేర్చినవి. అందులో ఒకటి పాడైతే మిషన్ ఆగిపోదు, తగ్గిన బలంతో పనిచేస్తూనే ఉంటుంది. నిన్న బాగా ఎక్కింది, ఇవాళ ఎక్కడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే. రెండు గన్‌లున్న చార్జర్‌లో ఇంకో సంగతి ఉంది. మీరొక్కరే ఉన్నంతసేపూ మొత్తం బలం మీదే. పక్క గన్‌కు ఇంకో కారు తగలగానే రెండు మాడ్యూళ్ళలో ఒకటి అటు వెళ్ళిపోతుంది. అప్పటిదాకా పరుగెత్తిన అంకె ఉన్నట్టుండి 30కి పడుతుంది. పక్కవాడు మన కరెంటు లాక్కున్నాడనిపిస్తుంది, ఒక రకంగా అది నిజమే.

గన్ పెట్టాక కరెంటు మొదలయ్యే ముందు అర నిమిషం పాటు ఏమీ జరగనట్టు ఉంటుంది. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం ఆ అర నిమిషమే. మన దేశంలో కార్లకు స్థిరపడిన సీసీఎస్-2 గన్‌ను దగ్గరగా చూస్తే పైన గుండ్రటి భాగంలో ఏడు రంధ్రాలు, కింద లావుపాటివి రెండు కనిపిస్తాయి. కింది రెండూ డీసీ కరెంటుకు. పై ఏడింటిలో ఒక సన్నని పిన్ మీద కారూ చార్జరూ మాట్లాడుకుంటాయి. ముందు కారు గన్‌ను తాళం వేసి పట్టుకుంటుంది. ఆ తర్వాత చార్జర్ కేబుల్‌కు ఓల్టేజి ఇచ్చి, ఎక్కడైనా బాడీకి కరెంటు కారుతోందా అని పరీక్షిస్తుంది. వానాకాలంలో గన్‌లో తడి చేరితే ఈ పరీక్షలోనే ఫెయిలై ఎర్ర లైటు వెలుగుతుంది. విసుగొచ్చినా ఆ ఎర్ర లైటు మీ ప్రాణానికి కాపలా. పరీక్ష నెగ్గితే చార్జర్ తన ఓల్టేజిని బ్యాటరీ ఓల్టేజికి సమానంగా తెచ్చుకుంటుంది. తేడా ఉండగా కలిపితే నిప్పురవ్వలు లేచి లోపలి స్విచ్చులు కాలిపోతాయి. రెండూ సమానమయ్యాక కారు అడుగున 'టక్' మని శబ్దం వినిపిస్తుంది. అది కాంటాక్టరు అనే స్విచ్చు మూసుకున్న చప్పుడు, అసలు కరెంటు అక్కడి నుంచే మొదలు. ఆ లోపు తొందరపడి గన్ కదిపితే వ్యవహారమంతా మళ్ళీ మొదటికొస్తుంది.

కరెంటు మొదలయ్యాక బ్యాటరీలో ఏం జరుగుతుంది? లిథియం అయాన్ సెల్లులో రెండు ధ్రువాలుంటాయి. ఒకవైపు గ్రాఫైట్ పూత, ఇంకోవైపు లోహ సమ్మేళనం పూత, వాటి మధ్య అయాన్లు ఈదే ద్రవం. చార్జింగ్ అంటే లిథియం అయాన్లు లోహం వైపు నుంచి బయల్దేరి, ద్రవం దాటి, గ్రాఫైట్ పొరల మధ్యకు వెళ్ళి కూర్చోవడం. సూరారం చౌరస్తాలో ఖాళీగా వచ్చిన సిటీ బస్సును తలచుకోండి. మొదట ఎక్కినవాళ్ళకు సీట్లే సీట్లు, గుంపంతా ఒక్క ఊపున ఎక్కేస్తుంది. మూడొంతులు నిండాక ఒక్కొక్కరూ లోపలికి సర్దుకోవడానికి సమయం పడుతుంది. అప్పుడు కింద నుంచి తోస్తే లోపలికి పోలేని మనుషులు ఫుట్‌బోర్డు మీదే వేలాడతారు. బ్యాటరీలో ఆ ఫుట్‌బోర్డు ప్రయాణం ప్రమాదకరం. గ్రాఫైట్ లోపలికి చోటు దొరకని లిథియం దాని ఉపరితలం మీదే లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నదాంట్లో కొంత మళ్ళీ ఎప్పటికీ పనికిరాదు, బ్యాటరీ సామర్థ్యం ఆ మేరకు శాశ్వతంగా తగ్గుతుంది. మరీ ఎక్కువైతే సూదుల్లా పెరిగి రెండో ధ్రువాన్ని తాకి సెల్లును లోపలే షార్ట్ చేయగలదు.

కారు కంప్యూటరు జాగ్రత్త పడేది దీనికే. మొదట్లో దాదాపు ఒకే కరెంటు తీసుకుంటూ పోతుంది, సెల్లు ఓల్టేజి మెల్లగా పెరుగుతుంటుంది. ఓల్టేజి పై హద్దుకు వచ్చాక దాన్ని అక్కడే నిలిపి కరెంటును తగ్గించుకుంటూ వస్తుంది. ఈ మలుపు ఒక్కో కారులో ఒక్కో చోట వస్తుంది. కొన్ని తొంభై దాకా లాగుతాయి, కొన్ని డెబ్భై అయిదుకే నెమ్మదిస్తాయి. ఎక్కువ కార్లలో ఎనభై చుట్టుపక్కల అని డ్రైవర్లు అనుభవం మీద కనిపెట్టుకున్నారు, తయారీదారులు కూడా తమ వేగాన్ని ఎనభై దాకానే చెప్పుకుంటారు.

వాతావరణం కూడా చెయ్యి పెడుతుంది. చలికి అయాన్లు గ్రాఫైట్‌లోకి వెళ్ళడం మందగిస్తుంది, పైన పేరుకునే ప్రమాదం పెరుగుతుంది. మన నగర శివార్లలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది కాబట్టి ఆ వేళ ఫస్టు ట్రిప్పు క్యాబు డ్రైవరుకు అంకెలు తక్కువగా కనిపిస్తే అందులో వింత లేదు. మే నెలలో కథ వేరు. నలభై దాటిన ఎండలో ఔటర్ మీద జోరుగా వచ్చిన కారు బ్యాటరీ అప్పటికే వేడెక్కి ఉంటుంది, దాని మీద ఫాస్ట్ చార్జింగ్ వేడి. కారు తన ఏసీ కంప్రెసర్‌ను బ్యాటరీని చల్లబరచడానికి తిప్పుతుంది. కారులో ఎవరూ లేకపోయినా బానెట్ కింద ఫ్యాన్ హోరు వినిపించేది అందుకే. అదీ చాలకపోతే కరెంటు తగ్గించుకుంటుంది. మన దగ్గర చార్జింగ్ స్టేషన్‌కు నీడ అలంకారం కాదు, యంత్రంలో భాగం. మిట్టమధ్యాహ్నం రేకుల కప్పయినా లేకుండా గన్‌లు నిలబెట్టిన చోట మనిషితో పాటు బ్యాటరీ, కేబులు, స్క్రీన్ అన్నీ ఉడుకుతాయి. కేబుల్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు. పిన్నుల దగ్గర ఉన్న ఉష్ణోగ్రత సెన్సరు హద్దు దాటిందని చెప్తే చార్జర్ తనంతట తానే వేగం తగ్గిస్తుంది.

ఈ సెల్లుల వెనక మన వాళ్ళ పని కూడా ఉంది. 2019లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న జాన్ గుడెనఫ్ టెక్సాస్ ప్రయోగశాలలో 1990లలో అక్షయ పాఢి అనే ఒడియా శాస్త్రవేత్త లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను పరీక్షించి, బ్యాటరీ ధ్రువంగా అది పనికొస్తుందని చూపాడు. ఖరీదైన కోబాల్ట్ అక్కర్లేని, తొందరగా నిప్పంటుకోని ఆ పదార్థమే ఇవాళ మన రోడ్ల మీది చాలా కార్లలోనూ బస్సుల్లోనూ ఉంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ ఈ పదార్థపు పొడిని దేశీయంగా తయారుచేసే పద్ధతిని రూపొందించింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ బ్యాటరీ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుకు ఒక గుణం ఉంది. ఇరవై నుంచి ఎనభై దాకా దాని ఓల్టేజి దాదాపు మారదు. ఓల్టేజి చూసి ఎంత నిండిందో అంచనా వేయడం కష్టం కాబట్టి కారు లోపలికి వెళ్ళిన కరెంటును, బయటికొచ్చిన కరెంటును కూడి తీసి లెక్క కడుతుంది. రోజుల తరబడి సగం సగం చార్జింగే పెడితే ఆ లెక్కలో చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. తెరమీద ఇంకా పన్నెండు ఉండగానే కారు నీరసించిందని కొందరు చెప్పే అనుభవానికి ఇది ఒక కారణం కావచ్చు. అందుకే ఇలాంటి కార్లకు అప్పుడప్పుడు నూరు శాతం పెట్టమని కంపెనీలు చెప్తాయి. నూరు పెట్టడం తప్పు కాదు. అది ఇంట్లో, రాత్రిపూట, మామూలు ప్లగ్గు మీద చేయాల్సిన పని.

ఇప్పుడు లైన్లో నిలబడ్డవాళ్ళ లెక్క చూద్దాం. 40 యూనిట్ల బ్యాటరీ. పన్నెండు నుంచి ఎనభైకి 27 యూనిట్లు, 35 కిలోవాట్ల చొప్పున 47 నిమిషాలు. మిగిలిన ఇరవై శాతానికి 8 యూనిట్లే, కానీ సగటున 12 కిలోవాట్లకు పడిపోయిన వేగంతో 40 నిమిషాలు. అందరూ ఎనభైకి తీసేస్తే, కార్లు మారే సమయం కలిపి ఒక్కొక్కరికి 50 నిమిషాలనుకున్నా, పది గంటల్లో ఒక్కో గన్ 12 కార్లను పంపుతుంది. అందరూ నూరుకు కూర్చుంటే ఆరో ఏడో. యంత్రం అదే, ఖర్చు అదే, స్టేషన్ మాత్రం సగమైపోతుంది. ఇంకో రెండు గన్‌లు పెట్టించడం కన్నా ఉన్న గన్‌ను ఎనభైకి వదలడం చవక. కొత్త స్టేషన్ తెరిచినవాళ్ళు బ్యానరు మీద కిలోవాట్లు రాయించడంతో పాటు ఈ ఒక్క లెక్కను గన్ పక్కన గోడ మీద రాయిస్తే ఎంతో బాగుంటుందని నా నమ్మకం.

అయితే ఎనభైకి తీసెయ్యమని క్యాబు డ్రైవరుకు చెప్పడం అంత తేలిక కాదు. సొంతిల్లూ గేటూ ఉన్నాయన రాత్రి 15 ఆంపియర్ల సాకెట్లో పెట్టుకుంటే 3.3 కిలోవాట్ల చొప్పున తెల్లారేసరికి నిండుతుంది. ఆయనకు స్టేషన్ ఎప్పుడో ఊరెళ్ళినప్పటి అవసరం. అద్దె గదిలో ఉండి బండిని వీధిలో నిలిపే డ్రైవరుకు రోజూ ఇదే వంటిల్లు. ఎయిర్‌పోర్టు ట్రిప్పు పడితే శంషాబాద్ పోవాలి, అక్కడి నుంచి ఎటు పంపుతారో తెలియదు, ఆ అనిశ్చితి అతణ్ణి నూరు దాకా కూర్చోబెడుతుంది. దారిలో ఇంకో స్టేషన్ పనిచేస్తూ, ఖాళీగా దొరుకుతుందన్న భరోసా ఉంటే అతనూ ఎనభైకే లేస్తాడు. నగరాల్లో ప్రతి 3 కిలోమీటర్ల చదరానికి, హైవేల మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లో చెప్పడంలో ఆంతర్యం ఇదే. స్టేషన్ల సంఖ్య ఒక్కటే చూడటం నాకు సరిపోదనిపిస్తుంది. యాప్‌లో ఆకుపచ్చగా చూపించి అక్కడికెళ్తే చచ్చిపోయి ఉన్న గన్, లేని గన్ కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. లేనిదాన్ని నమ్ముకుని ఎవరూ ఆరు శాతంతో రారు.

ఆరు శాతంతో రావడానికి ఔటర్ ఒక ముఖ్య కారణం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళ్తే గాలితో పెనుగులాట రెండుంబావు రెట్లవుతుంది. చక్రాల ఒరిపిడి లాంటివి అంతగా పెరగవు కాబట్టి మొత్తం మీద కిలోమీటరుకు ఖర్చు దాదాపు ఒకటిన్నర రెట్లు కావడం మామూలే. పెట్రోలు కారులోనూ ఇదే భౌతికశాస్త్రం, కానీ అక్కడ ఇంజిన్ ఎలాగూ చాలా శక్తిని వేడిగా వృథా చేస్తుంది కనుక తేడా అంతగా కంటపడదు. సిటీ ట్రాఫిక్‌లో 250 కిలోమీటర్లు ఇచ్చిన కారు శంషాబాద్ నుంచి దుండిగల్ దాకా ఔటర్ మీద దూసుకొచ్చేసరికి శాతం కళ్ళముందే కరిగిపోతే బ్యాటరీ పాడైందని భయపడాల్సిన పనిలేదు. వేగం తొంభైకి దించితే చాలు, స్టేషన్ దాకా ప్రశాంతంగా రావచ్చు.

బిల్లు దగ్గర ఇంకో ప్రశ్న వస్తుంది. స్టేషన్ 29 యూనిట్లంది, కారు లెక్కలో 27 కూడా పెరగలేదు. మిగతావి వేడిగా పోయినవీ, చార్జింగ్ వేళ కారు ఏసీ తిన్నవీ. పదింట ఒక వంతు దాకా తేడా సహజం, మండే ఎండల్లో ఇంకాస్త ఎక్కువ. పబ్లిక్ స్టేషన్‌లో యూనిట్ ఇరవై రూపాయలకు అటూఇటూ, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇంట్లో అయితే స్లాబును బట్టి సగమో అంతకన్నా తక్కువో. సొంత కారు ఓనరుకు ఈ తేడా పెద్దగా పట్టదు, ఇంటి ప్లగ్గు లేని డ్రైవరు మాత్రం దాన్ని రోజూ కడతాడు. పేదవాడి కిలోమీటరు ఖరీదెక్కువ కావడం ఈ మొత్తం ఏర్పాటులో నన్ను బాధపెట్టే సంగతి.

దీనికి ఒక దారి మధ్యాహ్నం ఎండలోనే ఉంది. 60 కిలోవాట్ల చార్జర్ పూర్తిగా నడిస్తే 5 కిలోవాట్ల చొప్పున వాడే డజను ఇళ్ళ భారం. అది సాయంత్రం ఆరు తర్వాత, కాలనీల్లో ఏసీలూ మోటార్లూ వేసే వేళ పడితే 11 కేవీ లైనుకు కష్టమే. పగలైతే రాష్ట్రంలో సోలార్ కరెంటు దండిగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు పొద్దున 9 నుంచి సాయంత్రం 4 వరకు స్టేషన్లకిచ్చే కరెంటును సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతుకూ, మిగతా వేళల్లో 1.3 వంతుకూ ఇవ్వాలని చెప్పాయి. ఆ తగ్గింపు స్టేషన్ దగ్గరే ఆగిపోకుండా గన్ పట్టుకున్న మనిషి బిల్లు దాకా రావాలి. వస్తే, భోజనం వేళ గంట విశ్రాంతి తీసుకునే క్యాబు డ్రైవరుకు అదే చవకైన చార్జింగ్ వేళ అవుతుంది.

సూరారం రోడ్డు మీద రోజంతా ఎక్కువగా తిరిగే కరెంటు బండ్లకు మాత్రం ఈ స్టేషన్ ఏ వేళా అక్కరకు రాదు. జీడిమెట్ల షెడ్ల నుంచి సరుకు మోసే ట్రాలీ ఆటోల బ్యాటరీ దాదాపు 50 ఓల్టులది. సీసీఎస్-2 గన్ వాటికి పట్టదు, పట్టినా ఆ చార్జర్ అంత తక్కువ ఓల్టేజికి దిగదు. వాటి డ్రైవర్లు ఇంటి దగ్గరో, ఓనరు షెడ్డులోనో మామూలు సాకెట్ల మీద మూడు నాలుగు గంటలు పెట్టుకుంటారు. 2024లో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం 2,000 కోట్లతో తలపెట్టిన 72,300 చార్జర్లలో 48,400 టూ వీలర్లకూ త్రీ వీలర్లకూ ఉద్దేశించినవే. వాటిలో కొన్నయినా ఈ కార్ల గన్‌ల పక్కనే, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద, అదే రేకుల కప్పు కింద పెట్టడానికి కావాల్సింది నాలుగు చదరపు గజాల జాగా, ఒక మామూలు మీటరు.